గడియారం కూడా ఒక పావే



పోయిన నెల ఈ శీర్షికలో రక్తపోటు గురించీ, ఆవకాయలో ఉప్పు గురించీ రాసి చాలామందికి విరోధినయ్యాను. గుడిలో దర్శనం లైనులో నిలబడి ఉండగా ఒక పెద్దావిడ, "డాక్టరు బాబూ, దేశం విడిచి వచ్చాం, భాష సగం విడిచాం, ఇప్పుడు ఊరగాయ కూడా విడవమంటావా?" అని అడిగారు. జవాబు చెప్పలేక మెల్లిగా తప్పుకున్నాను. అంచేత ఈ నెల ఎవరి కంచం జోలికీ పోను. చదరంగం గురించి రాస్తాను. ఇందులో ఉప్పు లేదు గాని, రక్తపోటు మాత్రం దండిగా ఉంది.

మూడు వారాల కిందట ఒక శనివారం మా అబ్బాయిని పిల్లల చదరంగం పోటీకి తీసుకువెళ్ళాను. వాడికి పదేళ్ళు. ఒక స్కూలు భోజనశాలలో బల్లలు వరసగా వేసి, ఒక్కొక్క బల్లమీద ఒక బోర్డు, ఒక గడియారం పెట్టారు. తల్లిదండ్రులు లోపలికి రాకూడదు. వరండాలోనే కూర్చోవాలి. ఆ వరండాను చూస్తే మన క్యారీ ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. ఈ ఊరి పేరు అక్షరాలకు ఉత్తరాది నుంచి వలస వచ్చిన యాంకీలను ఆపి ఉంచే స్థలమని ఇక్కడివాళ్ళు సరదాగా అర్థం చెబుతారు. ఆ వరండాలో యాంకీలు నలుగురుంటే గొప్ప. మిగిలినదంతా మనవాళ్ళే, లేదా చైనావాళ్ళు. ఒకాయన లాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేసుకుంటున్నారు. ఒకావిడ పులిహోర డబ్బా తెరిచి అందరికీ పంచారు. పైకి అందరం నవ్వుతూనే మాట్లాడుకుంటున్నాం, చెవులు మాత్రం ఆ తలుపు దగ్గరే ఉన్నాయి.

మూడో రౌండులో మా వాడు నల్ల పావులతో ఆడాడు. తలుపు అద్దంలోంచి చూస్తే ఆట బాగానే ఉంది. ఒక గుర్రం ఎక్కువగా ఉంది కూడా. వరండాలోకి వచ్చి పక్కాయనతో "ఈ రౌండు మావాడిదే" అన్నాను. పావుగంట తరవాత వాడు బయటికి వచ్చాడు. మొహం చూడగానే తెలిసిపోయింది.

"టైమ్ అయిపోయింది నాన్నా" అన్నాడు.

ఒక్కొక్కరికి 30 నిమిషాలు. అందులో ఒక్క ఎత్తుకోసం తొమ్మిది నిమిషాలు ఆలోచించాడట. కారులో కూర్చున్నాక, "గెలిచే ఆటలో తొమ్మిది నిమిషాలు ఎవడైనా కూర్చుంటాడా? గడియారం కనపడలేదా?" అని గట్టిగానే అన్నాను. వాడు మాట్లాడలేదు. హై హౌస్ రోడ్డు పొడవునా ఇద్దరం మౌనంగానే వచ్చాం. ఇంట్లో అడుగు పెట్టగానే మా ఆవిడ "ఎలా ఆడాడండీ?" అని అడిగింది. "చేతికొచ్చిన ఆట పారేసుకున్నాడు" అన్నాను. మెట్లెక్కుతున్నవాడు ఒక్క క్షణం ఆగాడు. తరవాత పైకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ రాత్రి వాడు రాసుకున్న ఎత్తుల కాగితం తీసి చూశాను. నేను గుంటూరు మెడికల్ కాలేజీ హాస్టల్లో అనాటమీ పుస్తకం కింద చదరంగం బోర్డు దాచినవాణ్ణి కనుక ఎత్తులు చదవడం మరచిపోలేదు. మేం కాలేజీలో చేరేనాటికే మా గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరయ్యాడు, 2004లో ప్రపంచ జూనియర్ చాంపియనయ్యాడు. అప్పట్లో గుంటూరులో చదరంగం ఆడని కుర్రవాడు తక్కువ.

మా వాడు ఆడింది చాలా పాత, పెద్దమనిషి తరహా రక్షణ. తెల్లవారు మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు జరిపి డి4లో పెడతారు. నల్లవారు డి5తో ఎదురు నిలుస్తారు. తెల్లవారు సి4 అని పక్క బంటును ఎర వేస్తారు. ఆ ఎరను తినకుండా ఇ6 అని చిన్న బంటుతో డి5కు ఊతం ఇవ్వడమే ఈ రక్షణ. ఎర వద్దన్నారు కనుక దీనికి తిరస్కరణ అని పేరు. మంత్రి అని మేం గుంటూరులో అంటాం, మా వాడు క్వీన్ అంటాడు. ఇంట్లో ఆ తగాదా ఇంకా తేలలేదు. మా ఆవిడ ఓటు మాత్రం క్వీన్‌కే.

ఈ రక్షణ కోటగోడలాంటిది. 1927లో బ్యూనస్ ఎయిరెస్‌లో కాపాబ్లాంకా, అలెహైన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌కోసం 34 ఆటలు ఆడితే, రెండు తప్ప మిగిలినవన్నీ ఇదే ఆరంభం. 2010లో సోఫియాలో మన ఆనంద్ తోపలోవ్‌తో ఆఖరి ఆటకు కూర్చునేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఆనంద్‌వి నల్ల పావులు. అప్పుడు ఆయన ఏ కొత్త ఆయుధమూ తీయలేదు. లాస్కర్ పేరుమీద ఉన్న పాత పద్ధతిలో ఇదే రక్షణ ఆడి గెలిచి, కిరీటం నిలుపుకున్నాడు.

అయితే కోటగోడ కడితే లోపలున్నవాళ్ళకు గాలి ఆడదు. ఇ6లో బంటు పెట్టగానే నల్లవారి తెల్లగళ్ళ శకటం ఇంట్లోనే బందీ అయిపోతుంది. ఆ శకటాన్ని ఎలా బయటికి తేవాలన్నదే వందేళ్ళకు పైగా ఈ రక్షణ ఆడేవారి తలనొప్పి. మా వాడు తొమ్మిది నిమిషాలు ఆలోచించింది సరిగ్గా దాని గురించే. అది చూశాక నాకు కొంచెం సిగ్గు వేసింది. వాడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. కాకపోతే ఆ ప్రశ్నకు తగినంత సమయం వాడి దగ్గర లేదు.

మర్నాడు ఆదివారం. ఉప్మా తిన్నాక బోర్డు డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "రా, నీకొక ఆట చూపిస్తాను" అన్నాను. వాడు అనుమానంగానే వచ్చాడు. నేను తీసింది 2024 నవంబరు 27న సింగపూరులో జరిగిన ఆట. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మూడోది. తెల్ల పావులు మన దొమ్మరాజు గుకేశ్‌వి, నల్ల పావులు అప్పటి చాంపియన్ చైనాకు చెందిన డింగ్ లిరెన్‌వి.

గుకేశ్ చెన్నైలో పుట్టినా తెలుగు కుటుంబంవాడే. అతను గెలిచిన రోజున, మా తెలుగువాడంటే మా తమిళనాడువాడని రెండు పక్కలా జనం వాదులాడుకున్నారు. గెలిచినవాడికి ఊళ్ళన్నీ బంధువులే కదా. అతని బృందంలో ఎత్తులు తయారుచేసి పెట్టినవాళ్ళలో మా గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నాడని తరవాత తెలిసింది. అది తెలిసిన రోజున నేను ఆస్పత్రిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. ఒక్కరికీ అర్థం కాలేదు.

ఆ పోటీ మొదటి ఆటలోనే గుకేశ్ ఓడిపోయాడు. రెండోది సమానం. అంటే మూడో ఆటకు వచ్చేసరికి అతను ఒక పాయింటు వెనకబడి ఉన్నాడు, వయసు 18 ఏళ్ళు. ఎత్తుల వరస కొంచెం తేడాగా మొదలైనా ఆట చేరింది మన పాత రక్షణకే. గుకేశ్ సి4 బంటుతో డి5లోని బంటును కొట్టాడు. డింగ్ ఇ6 బంటుతో తిరిగి కొట్టాడు. ఇప్పుడు చూడండి తమాషా. ఇ6 ఖాళీ అయింది కనుక తరతరాలుగా బందీగా ఉన్న శకటానికి దారి దొరికింది. డింగ్ దాన్ని ఎఫ్5కు తెచ్చాడు. రెండు వైపుల మంత్రులూ ఎదురుపడ్డారు. తొమ్మిదో ఎత్తున గుకేశ్ జీ4 అని బంటును తోసి శకటాన్ని అదిలించాడు. డింగ్ మంత్రులను మార్చుకుని, శకటాన్ని తెల్లవారి ఇంట్లోకే, సి2 గడికి పంపాడు.

"నాన్నా, అది లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ ఎలా వస్తుంది?" అన్నాడు మా వాడు.

అదే అసలు సంగతి. అక్కడినుంచి బి3 బంటుమీద శకటానికి కన్నుంది. గుకేశ్ గుర్రాన్ని డి2కు తెచ్చి ఆ బంటుకు కాపలా పెట్టాడు. తరవాత ఎఫ్3, ఆ వెనక ఇ4. అంతే, వచ్చిన దారి మూసుకుపోయింది. డింగ్ ఆ శకటాన్ని రెండు బంట్లకు వదులుకోవలసి వచ్చింది. బయటికి రాలేక ఇన్నేళ్ళు బాధపడ్డ శకటం, బయటికి వచ్చి మరీ దూరం పోయి, తిరిగి ఇల్లు చేరలేకపోయింది. ఈ మాట నేను మా వాడితో అనలేదు. మనసులో మాత్రం అనుకున్నాను.

ఇంకొక సంగతి ఉంది. ఆ పోటీలో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి రెండు గంటలు. ఎత్తు వేసినప్పుడల్లా కొసరు సెకన్లు కలపడం 41వ ఎత్తు నుంచే. గుకేశ్ మొదటి ఎత్తులు చకచకా ఆడాడు. డింగ్ ఎదురైన ప్రతి చిక్కు దగ్గరా ఆగి ఆగి ఆలోచించాడు. చివరికి 37వ ఎత్తు దగ్గర గడియారం సున్నాకు వచ్చింది. అప్పటికే ఆట అతని చెయ్యి దాటిపోయిన మాట నిజమే. కాని కాగితం మీద మాత్రం ప్రపంచ చాంపియన్ టైము అయిపోయి ఓడిపోయాడు.

మా వాడు చాలాసేపు బోర్డు వైపే చూశాడు. "వరల్డ్ చాంపియన్‌కి కూడా టైమ్ అయిపోతుందా?" అన్నాడు.

"అవుతుంది."

"తరవాత ఏమయింది?"

చెప్పాను. తరవాత వరసగా ఏడు ఆటలు సమానం. పదకొండో ఆట గుకేశ్ గెలిచి ముందుకు వెళితే, ఆ మర్నాడే పన్నెండో ఆటలో డింగ్ అద్భుతంగా ఆడి సమానం చేశాడు. పదమూడోది సమానం. డిసెంబరు 12న పద్నాలుగో ఆట, ఆఖరిది, సమానమయ్యే తీరులో పోతుండగా డింగ్ 55వ ఎత్తున ఏనుగును ఎఫ్2లో పెట్టి పొరపాటు చేశాడు. గుకేశ్ ఏడున్నరకు ఆరున్నర తేడాతో చాంపియన్ అయ్యాడు. అంతవరకు 1985లో 22 ఏళ్ళకు గెలిచిన కాస్పరోవ్ పేరు మీద ఉన్న రికార్డు పోయింది. గెలిచిన కుర్రవాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే బోర్డుమీద పావులన్నీ మళ్ళీ మొదటి స్థానాల్లో సర్ది లేచాడు. బయటికి వచ్చి తండ్రిని కావలించుకున్నాడు.

డింగ్‌ను ఆ రోజు చాలామంది ఎగతాళి చేశారు. వైద్యుడిగా నాకు అది బాధ కలిగించింది. 2023లో కిరీటం గెలిచాక తాను మానసిక కుంగుబాటుతో బాధపడ్డానని ఆయన దాచకుండా చెప్పుకున్నాడు. అప్పుడు ఆయనకు 32 ఏళ్ళు, అటూ ఇటూగా నా వయసే. అటువంటి మనిషి వచ్చి కూర్చుని, ఓడిన మూడో ఆట తరవాత కూడా ఆఖరి ఆట దాకా పోటీని లాక్కువచ్చాడంటే అది సామాన్యం కాదు. మనవాళ్ళు కూడా ఇది గమనించాలి. కుంగుబాటు అనేది జ్వరంలాగే రోగం. దాచుకుంటే తగ్గదు.

ఇదంతా విని మా వాడు ఒకటే అడిగాడు. "మొదటి గేమ్ ఓడిపోయినప్పుడు గుకేశ్ వాళ్ళ నాన్న ఏమన్నారు?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ వంటగదిలోంచి నా వైపు చూసింది. ఆ చూపు మీలో పెళ్ళయిన మగవాళ్ళందరికీ తెలుసు.

గుకేశ్ తండ్రి రజనీకాంత్ గారు చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యులు. తల్లి పద్మ గారు మైక్రోబయాలజీ నిపుణురాలు. కొడుకు ఏడో ఏట, 2013లో, ఆట మొదలుపెట్టాడు. వాణ్ణి దేశదేశాల పోటీలకు తిప్పడానికి ఆయన ప్రాక్టీసు పక్కన పెట్టేశారు. 2019 జనవరి 15న కుర్రవాడు 12 ఏళ్ళ 7 నెలల 17 రోజులకు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అంతకుముందు కోనేరు హంపి తండ్రి అశోక్ గారు కూడా అంతే, రసాయనశాస్త్రం చెప్పే ఉద్యోగం వదిలి కూతురికి గురువయ్యారు. ఆవిడ 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టరయ్యారు, 2019లో ఒకసారి, 2024 డిసెంబరులో న్యూయార్కులో ఇంకొకసారి ప్రపంచ రాపిడ్ చాంపియనయ్యారు.

నేను ఈ కథ చెబుతూ, "చూశావా, ఒక డాక్టరు కొడుకుకోసం ప్రాక్టీసు మానేశాడు" అని మా ఆవిడతో కొంచెం గంభీరంగా అన్నాను. ఆవిడ గిన్నె తుడుస్తూ, "ఆయన మానేశారని అందరూ చెబుతారండీ. ఆవిడ మానకుండా సంపాదించి ఇల్లు నడిపింది కనకే కదా ఆయన మానగలిగింది" అంది. తరవాత ఇంకొక మాట కూడా అంది. "అయినా వీడి కోసం మీరు ప్రాక్టీసు మానక్కరలేదు. కారులో ఆ లెక్చరు మానేస్తే చాలు."

మిత్రులారా, నేను పదకొండేళ్ళుగా రోగులకు సలహాలిస్తున్నాను. ఇంత సూటిగా, ఇంత చవకగా నేనెప్పుడూ మందు రాయలేదు.

ఆలోచించి చూస్తే, ఆ రోజు నాకు వచ్చిన కోపం మా వాడి ఓటమి మీద కాదు. పక్కాయనతో ముందుగా గెలుపు చాటుకున్నానే, ఆ సిగ్గు. మన శనివారాలన్నీ ఇలాగే గడుస్తున్నాయి కదా. పొద్దున ఈత, పదింటికి లెక్కలు, మధ్యాహ్నం కూచిపూడి, సాయంత్రం చదరంగం. ఏ వరండాలో కూర్చున్నా మన పిల్లల పక్కన మన పరువు కూడా ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. గుకేశ్ తల్లిదండ్రులను చూసి మనం నేర్చుకోవలసింది ఉద్యోగం మానడం కాదనిపిస్తుంది. అది వాళ్ళ ఇంటి లెక్క, వాళ్ళ పిల్లవాడి ఆకలి. ఓడి బయటికి వచ్చిన పిల్లవాడికి ఎదురుగా ఎవరో ఒకరు నిలబడి ఉండడం, అది మాత్రం మనందరి చేతిలోనూ ఉంది.

ఆ సాయంత్రం గుంటూరు ఫోను చేశాను. నాకు చదరంగం నేర్పింది మా నాన్నగారు. బ్రాడీపేట ఇంటి వరండాలో, ఒక గుర్రం పోతే దాని స్థానంలో సీసా మూత పెట్టి ఆడించేవారు. మనవడి ఆట సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "ఆలోచించడం తప్పు కాదురా అబ్బాయ్. వాడు తెలివైనవాడు కనకే ఆలోచించాడు. గడియారం కూడా ఒక పావేనని చెప్పు. దాన్ని కూడా ఆడించాలి" అన్నారు. కాసేపాగి, రోజూ అడిగే మాటే అడిగారు. "ఈ వేసవికైనా వస్తారా?"

ఆ మాటకు నేను నాలుగేళ్ళుగా "చూద్దాం నాన్నా" అంటున్నాను. వీసా స్టాంపింగు సంగతి తేలనీ అని ఒక ఏడు, కొత్త ఉద్యోగం అని ఒక ఏడు, ఇల్లు కొన్నాం అని ఒక ఏడు, పిల్లవాడి పోటీలని ఒక ఏడు. ప్రతి కారణమూ సరైనదే. ప్రతి ఎత్తూ ఆలోచించవలసినదే. ఆయనకు ఇప్పుడు 74. మా వాడు తొమ్మిది నిమిషాలు కూర్చున్నాడని కేకలు వేసినవాణ్ణి, నేను ఒక్క ఎత్తు దగ్గర నాలుగేళ్ళు కూర్చున్నాను.

ఈసారి "వస్తున్నాం నాన్నా" అన్నాను. అవతల కాసేపు మాట వినపడలేదు. తరవాత, "ఆ గుర్రం ఇంకా దొరకలేదురా, సీసా మూతే ఉంది" అన్నారు. ఫోను పెట్టేసి జూన్‌కు టిక్కెట్లు కొన్నాం. స్టాంపింగు సంగతి ఇంకా తేలలేదు. తేలేలోగా ఎత్తు వేశాం, అంతే.

ఇక మా వాడి సంగతి. కారులో ఫలితం మాట్లాడకూడదని మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. ఇంటికి వచ్చి, ఏదైనా తిని, వాడంతట వాడు కాగితం తీస్తేనే ఆట గురించి మాట. పోయిన శనివారం మళ్ళీ పోటీకి వెళ్ళాం. అదే రక్షణ ఆడాడు. రెండు గెలిచాడు, రెండు ఓడాడు. ఓడిన రెండింటిలో ఒకటి మళ్ళీ టైము మీదే. కారులో కూర్చుని, సీటు బెల్టు పెట్టుకుని, "ఈసారి అయిదు నిమిషాలే ఆలోచించాను నాన్నా" అన్నాడు. నేను నాలుక కరుచుకుని, దోసె తింటావా అని మాత్రం అడిగాను.

చివరిగా ఒక విన్నపం. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి మధ్యాహ్నం రెండింటికి మా ఇంట్లో పిల్లలకు చదరంగం మొదలుపెడుతున్నాం. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా రావచ్చు. రుసుము లేదు. బోర్డులు మా దగ్గర నాలుగున్నాయి, గడియారాలే తక్కువ. ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. పిల్లలను దింపి వెళ్ళే తల్లిదండ్రులు వెళ్ళవచ్చు, ఉండేవాళ్ళకు కాఫీ, పకోడీ ఉంటాయి. పకోడీలో ఉప్పు గురించి నేనేమీ మాట్లాడనని హామీ ఇస్తున్నాను.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.